ఎదురుకాళ్ళ వైద్యం

మంచినీళ్ళ టిన్ను మెట్ల కింద పెట్టి, హారన్ కొట్టి వెళ్ళిపోయే పద్ధతి ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మనిషి ఇల్లు కచ్చితంగా కింది అంతస్తులోనే ఉండి ఉంటుంది. మేముండేది పై అంతస్తు. నెల్లిమర్లలో మా వీధికి నీళ్ళబండి వారానికి మూడుసార్లు వస్తుంది. బండి నడిపే పోతురాజు టిన్ను దించుతాడు, మేడవైపు ఒకసారి జాలిగా చూస్తాడు, కదిలిపోతాడు. "పైకి తెచ్చి పెట్టొచ్చు గదా" అంటే, "నా నడుం బాగోదు మాస్టారూ" అంటాడు. ఇరవై లీటర్లు. పదహారు మెట్లు. నేను పుట్టి పెరిగింది కుళాయి నీళ్ళతోనే. ఇప్పుడు అవే తాగితే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని టిన్ను వేయించుకుంటున్నాం. పక్కింటివాళ్ళూ మా గురించి అదే అనుకుని వేయించుకుంటున్నారని ఈమధ్యే తెలిసింది.

నా పేరు నరసింగరావు. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. బరువెత్తేటప్పుడు మోకాళ్ళు వంచాలి, నడుం వంచకూడదని ఏటా తొమ్మిదో తరగతికి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. మార్చి పదహారున, ఒంటిపూట బడులు మొదలైన మర్నాడు, నడుం వంచి టిన్ను ఎత్తాను. పదకొండో మెట్టు మీద నడుంలో 'కటుక్' మంది. నేను కూలబడ్డాను గానీ టిన్నును పడనివ్వలేదు.

"ఝాన్సీ!" అని అరిచాను.

మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. ముందు టిన్ను వైపు చూసింది.

"నీళ్ళు ఒలికినాయేటి?"

ఈ ప్రశ్నని నేను మర్చిపోలేదు. మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను కూడా.

విజయనగరంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నన్ను పడుకోబెట్టి కాళ్ళెత్తి చూశాడు. కాల్లో తిమ్మిరి ఉందా? లేదు. కాలు బలం తగ్గిందా? లేదు. మూత్రానికి, దొడ్డికి వెళ్ళినప్పుడు తేడా తెలుస్తోందా? అంతా మామూలే. పక్కన కూర్చున్న ఝాన్సీ ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకీ ఒక వేలు మడుచుకుంది.

"కండరం పట్టింది. నొప్పెక్కువైతే ఈ మాత్ర వేసుకోండి. మంచం మీదే ఉండిపోకండి, నడవండి. చాలామందికి ఆరు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది."

"స్కానింగు?" అనడిగాను.

"అక్కర్లేదు."

"పెరుగు మానెయ్యాలా అండీ?"

"ఎందుకు?"

"పోనీ, వంకాయ?"

"తినండి. బాగుంటుంది."

బయటికొచ్చాక నాకు చాలా వెలితిగా అనిపించింది. పథ్యం చెప్పని డాక్టరు డాక్టరేమిటి? విజయనగరం దాకా వచ్చి ఒక్క కూర కూడా మానెయ్యకుండా తిరిగెళ్తే జనం ఏమనుకుంటారు? ఆ సాయంత్రం నుంచి నేనే స్వయంగా పెరుగు మానేశాను.

"ఆ ప్రశ్నలన్నీ నువ్వెందుకు వేళ్ళు మడిచి గుర్తెట్టుకున్నావు?" అని దార్లో ఝాన్సీనడిగాను.

"డాక్టరు ఊరికే అడుగుతాడేటి?" అంది.

ఇక్కడినుంచి నా నడుం నాది కాకుండా పోయింది. మా ఊళ్ళో నడుం వంగిన మనిషి కనపడితే మందు చెప్పకుండా పక్కనుంచి వెళ్ళిపోవడం మర్యాద కాదు. కింది ఇంటి అబ్రహాంగారు జూట్ మిల్లులో రిటైరై బాప్టిస్టు చర్చిలో సంఘ పెద్దగా ఉంటున్నారు. ఆయన రెండు గోనె సంచులు పట్టుకొచ్చారు.

"మాస్టారూ, మిల్లులో ముప్పయ్యేళ్ళు బేళ్ళు ఎత్తినాను. సంచిలో ఇసక పోసి, ఏడి సేసి, కాపడం ఎట్టుకోండి. రెండో సంచి నేల మీద ఏసుకుని పడుకోండి. పరుపు మనిషిని సంపేస్తాది."

సంచి మీద పడుకున్నాను. పొద్దున్నకి వీపంతా గళ్ళు పడ్డాయి. తర్వాత వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసుకున్నాను. తర్వాత హోమియో గుళికలు. కాఫీ తాగకూడదన్నాడు గనక ఆ డాక్టరంటే నాకు గౌరవం. తర్వాత అయస్కాంతం బెల్టు. అది పెట్టుకున్న వారం రోజుల్లో నొప్పి తగ్గలేదు గానీ, ఇంట్లో ఎప్పుడో పోయిన పిన్నీసులన్నీ దొరికాయి. బొబ్బిలిలో ఉండే మా మరదలు శ్రావణి రోజుకో యోగా వీడియో పంపేది. అందులో ఒక సన్నటి అమ్మాయి వెనక్కి వంగి తన మడమలు తనే పట్టుకునేది. నేను పడుకుని చూసేవాణ్ణి. 

ప్రయోగం అంటే ఒకసారికి ఒకటే మార్చాలి, మిగతావన్నీ కదపకుండా ఉంచాలి. అది నేను పిల్లలకి చెప్పేది. నా నడుం మీద మాత్రం ఒకేసారి అయిదు ప్రయోగాలు నడిచాయి. 

ఒక నిజం ఒప్పుకోవాలి. అయిదో వారానికి కొంచెం తగ్గినట్టే ఉండేది. ఎవరికీ చెప్పలేదు. తగ్గిందంటే టిన్ను మళ్ళీ నేనే మొయ్యాలి. అప్పటికి ఝాన్సీ మోస్తోంది. మోకాళ్ళు వంచి, నడుం నిటారుగా ఉంచి, టిన్ను ఒంటికి ఆనించుకుని ఎత్తేది. అచ్చం బోర్డు మీద నా బొమ్మలాగే. 

ఏప్రిల్ ఆఖర్లో గిరిబాబు వచ్చాడు. మా స్కూల్లోనే డ్రిల్లు మాస్టారు, ఝాన్సీకి పెద్దమ్మ కొడుకు. నన్ను 'బావా' అని పిలిచి తర్వాత ఏదైనా అనేస్తాడు.

"బావా, నీకీ మందులేవీ పట్టవు. నిన్ను తన్నాలి."

"ఎవరూ?"

"ఎదురుకాళ్ళోళ్ళు."

అంటే పుట్టేటప్పుడు తలకి బదులు కాళ్ళు ముందొచ్చినవాళ్ళు. అలాంటివాళ్ళు మూడు రోజులు, పొద్దున్నే, పరగడుపున నడుం మీద తంతే ఎంత పట్టైనా వదిలిపోతుందట. చిన్నప్పుడు నేనూ విన్నాను. సైన్సు మాస్టారిగా నవ్వాలి. కానీ ఆరో వారంలో ఉన్న మనిషికి నవ్వితే నడుం లాగుతుంది.

"ఇప్పుడు ఎదురుకాళ్ళోళ్ళని ఎక్కడ వెతుకుతాం? అందరికీ ఆపరేషన్లే గదా," అన్నాను.

వంటింట్లోంచి ఝాన్సీ గొంతు వినపడింది. "మా ఇంట్లో ఎదురుకాళ్ళ పుట్టుక ఉన్నాదని అమ్మ అంటుండేది."

"ఎవరూ, నువ్వా?"

"నాకేటి గుర్తు? పుట్టినప్పుడు నేను సిన్నపిల్లని."

మా అత్తగారు సుభద్రమ్మగారు పాతపట్నంలో ఉంటారు. అక్కడ ఫోను ఆంధ్రాలో ఉన్నా సిగ్నల్ ఒక్కోసారి ఒడిశాకి వెళ్ళిపోతుంది. నాలుగుసార్లు చేస్తే అయిదోసారి దొరికారు.

"అత్తయ్యా! మీ అమ్మాయి ఎదురుకాళ్ళతో పుట్టిందా?"

"ఏటీ?"

"మీ అమ్మాయి! కాళ్ళు ముందొచ్చినాయా?"

"ఆఁ, కాళ్ళే! మంత్రసాని బుల్లమ్మ లాగినాది! పెద్ద గండం బాబూ, ఆ రోజు..."

అక్కడ ఒక ఒడియా ఆవిడ మధ్యలోకి వచ్చి ఏదో వివరించడం మొదలుపెట్టింది. ఫోను పెట్టేశాను. గిరిబాబు ఝాన్సీ వైపు తిరిగి దండం పెట్టాడు. "ఒసే, ఇంట్లోనే మందెట్టుకుని ఊరంతా తిప్పినావేటే మా బావని?"

"మొగుణ్ణి తన్నడమేటి, పాపం రాదూ?" అంది ఝాన్సీ.

"మందుకి పాపమేటి? ఇంజక్షన్ గుచ్చితే నర్సుకి పాపమొస్తాదేటి?"

మర్నాడు ఉదయం ఆరింటికి వరండాలో చాప వేశారు. తూర్పు ముఖంగా బోర్లా పడుకున్నాను. గిరిబాబు విజిల్ తెచ్చుకున్నాడు. ఎందుకని నేనడగలేదు. ఝాన్సీ పాదం కడుక్కుని, తుడుచుకుని, "ఏవండీ, ఏటనుకోకండి" అని, నా నడుం మీద ఇస్త్రీ బట్ట మీద చెయ్యి వేసినట్టు కాలు వేసి తీసింది. వెంటనే వంగి నా కాళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

"ఇది తన్నేటే? పిల్లి నడిసినట్టున్నాది," అన్నాడు గిరిబాబు.

రెండో రోజు కాస్త నయం. మూడో రోజు ఝాన్సీ కాలు కడుక్కుని వచ్చి చాప పక్కన నిలబడింది.

"నీళ్ళు ఒలికినాయా అనడిగినానని మీ సెల్లెలికి ఫోన్లో సెప్పినారంట గదా," అంది.

నేను తల తిప్పేలోపే గిరిబాబు విజిల్ వేశాడు. ఆ తన్నులో ఇరవై రెండేళ్ళ సంసారం ఉంది. నా నడుంలో ఎక్కడో 'కటుక్' మంది. లేచాను. నిటారుగా లేచాను. కింద మొక్కలకి నీళ్ళు పోస్తున్న అబ్రహాంగారు తలెత్తి చూసి, "స్తోత్రం" అన్నారు.

ఆ రోజు ఏప్రిల్ ఇరవయ్యేడు. మార్చి పదహారు నుంచి లెక్కేస్తే సరిగ్గా ఆరు వారాలు. ఈ సంగతి నాకు అప్పుడే స్ఫురించింది గానీ, అంత సంతోషంలో లెక్కలు బాగుండవని ఊరుకున్నాను. హోమియో డాక్టరు తన గుళికల వల్లే అన్నాడు. అబ్రహాంగారు సంచి వల్ల అన్నారు. మరదలు యోగా వల్ల అంది. ఊరు మాత్రం ఝాన్సీ కాలి వల్ల అంది.

మే నెల మొదటి ఆదివారం మా గుమ్మంలో నాలుగు జతల చెప్పులున్నాయి. రెండో ఆదివారం మెట్ల మీదంతా చెప్పులే. వారానికి ఆదివారం, గురువారం అని రోజులు పెట్టింది ఝాన్సీ. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. తీసుకుంటే గుణం పోతుందట. ఆ రెండు రోజులూ ఇంట్లో టీ నేను పెడుతున్నాను. నా టీ తాగినవాళ్ళు లైన్లో ఎక్కువసేపు మాట్లాడరు గనక పని తొందరగా తెములుతోంది.

ఇరవై రెండేళ్ళు ఆవిడ 'మాస్టారి ఆవిడ'. ఇప్పుడు నేను బజారుకెళ్తే, "ఝాన్సీగారి ఆయన, కాస్త దారివ్వండి" అంటున్నారు. మొదట్లో కొంచెం గుచ్చుకుంది. తర్వాత కూరగాయల దుకాణంలో కొసరు వేస్తున్నారని గమనించి సర్దుకున్నాను.

ఒక గురువారం అందరూ వెళ్ళిపోయాక అబ్రహాంగారు వెనక మెట్ల మీదుగా, నడుం పట్టుకుని, వచ్చారు.

"మా పాస్టరుగారికి సెప్పకండి మాస్టారూ. నమ్మకంతో రాలేదు. నొప్పితో వచ్చినాను."

"మరి గోనె సంచి?" అన్నాను.

"దాని మీద పడుకునే పట్టేసినాది," అన్నారాయన, చాప మీద బోర్లా పడుకుంటూ.

వచ్చినవాళ్ళని ఝాన్సీ తిన్నగా తన్నదు. ముందు పడుకోమంటుంది. పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. ఎప్పటినుంచి, ఏం ఎత్తితే, రాత్రి నిద్ర పడుతోందా, ఇంట్లో ఇంకెవరైనా పని సాయం చేస్తారా అని అడుగుతుంది. తర్వాత వేళ్ళు మడుస్తూ మరికొన్ని అడుగుతుంది. ఆ వేళ్ళు నేనెక్కడో చూశాను గానీ, మే మూడో వారం దాకా గుర్తు రాలేదు.

ఆ ఆదివారం లక్ష్మణమ్మ వచ్చింది. స్టేషన్ దగ్గర ఇడ్లీలు వేసే ఆవిడ. కొడుకు భుజం పట్టుకుని మెట్లెక్కింది.

"కాలు తిమ్మిరెక్కుతాదా అప్పా?" అనడిగింది ఝాన్సీ. మా వైపు అప్ప అంటే అక్క.

"తిమ్మిరేటమ్మా, నిన్నటేల నుంచి సెప్పు జారిపోయినా తెలీడం లేదు."

ఝాన్సీ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఒంటికెళ్తే తెలుస్తన్నాదా?"

లక్ష్మణమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అదీ తెలీడం లేదు. సిగ్గుతో ఎవరికీ సెప్పలేదు."

ఝాన్సీ లేచి నిలబడింది. "నీకు నా కాలు పని సెయ్యదప్పా. లే, ఆస్పత్రికెళ్దాం."

"ఒక్కసారి తన్నమ్మా, ఇన్ని మెట్లెక్కి వచ్చినాను."

"తన్నను. ఏవండీ, ఆటో పిలవండి."

తనూ ఎక్కి కూర్చుంది. విజయనగరంలో అదే డాక్టరు చూసి అట్నుంచి అటే విశాఖపట్నం పంపించాడు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ఇంకో రోజు ఆగుంటే కాళ్ళు రెండూ చచ్చుబడిపోయేవన్నారట. ఇప్పుడు లక్ష్మణమ్మ కర్ర పట్టుకుని నడుస్తోంది. ఇడ్లీలు కోడలు వేస్తోంది, ఆవిడ పక్కన కూర్చుని వంకలు పెడుతోంది. 

ఆ సాయంత్రం ఝాన్సీ తిరిగొచ్చాక, "నీకెలా తెలిసింది?" అనడిగాను.

"మీ డాక్టరు ఊరికే అడగడు గదా. అవే నేనూ అడుగుతన్నాను." కాళ్ళు కడుక్కుంటూ ఇంకో మాట అంది. "నా కాల్లో ఏటున్నాదో నాకు తెలీదండి. మనిషి నిలబడి ఉన్నప్పుడు అంతా బాగే అంటాడు. బోర్లా పడుకున్నాక నిజం సెప్తాడు. తన్నుతాననబట్టి పడుకుంటన్నారు. ఊరికే రమ్మంటే ఎవరొస్తారు?"

ఆ తర్వాత లైను రెట్టింపైంది. ఇప్పుడు నీళ్ళ టిన్ను పోతురాజే పైకి తెచ్చి వంటింట్లో పెడుతున్నాడు. అతని నడుం కూడా ఝాన్సీయే తన్నింది.

కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను మీకు రాసేవాణ్ణి కాదు.

జూన్‌లో బడులు తెరిచాక, కూతురి పేరు పాతపట్నం దాకా పాకిందని మా అత్తగారు చూడ్డానికి వచ్చారు. నిన్న గురువారం. నేను సెలవు పెట్టి టీ పెడుతున్నాను. ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ వరండాలో లైను చూస్తున్నారు.

"ఏటి బాబూ ఈ జనం? అది తంతే తగ్గడమేటి?"

"ఎదురుకాళ్ళతో పుట్టింది గదా అత్తయ్యా."

"ఎవరూ?"

"ఝాన్సీ."

ఆవిడ గింజ తీసి పక్కన పెట్టారు. "ఝాన్సీ తలతోనే వచ్చినాది బాబూ. ఎదురుకాళ్ళది శ్రావణి."

స్టవ్ మీద టీ పొంగింది. కట్టేశాను.

"ఫోన్లో అడిగితే అవునన్నారు గదా?"

"మీ అమ్మాయి ఎదురుకాళ్ళతో పుట్టిందా అనడిగినావు. పుట్టినాది గదా?"

"నేనడిగింది ఝాన్సీ గురించి."

"శ్రావణి మా అమ్మాయి కాదేటి?"

వరండాలోంచి ఝాన్సీ గొంతు వినిపిస్తోంది. "నిద్ర పడతన్నాదా బాబాయ్? కాలు తిమ్మిరుందా?"

అత్తగారు కాసేపు ఆ గొంతు విన్నారు. "నా అంతట నేను సెప్పను బాబూ. కానీ ఎదురుగా అడిగితే అబద్ధం ఆడలేను. మొన్న శ్రావణి యోగా సేస్తా ఎనక్కి ఒంగి అలాగే పట్టేసినాది. అక్క సేత తన్నించుకోవాలని ఆదివారం వస్తన్నాది. అక్కాసెల్లెళ్ళిద్దరూ ఒక దగ్గర కూకున్నాక పురుళ్ళ కబుర్లు రాకుండా ఉంటాయేటి?"

గ్లాసుల పళ్ళెం ఎత్తబోయాను. నడుంలో చిన్నగా 'కటుక్' మంది. 

అందరూ వెళ్ళాక ఝాన్సీ నన్ను ఎగాదిగా చూసింది. "ఒంగి నడుస్తన్నారేటి? అమ్మ ఏటంది?"

"ఏటీ లేదు. చింతపండు బాగుందంది."

"అయితే ఆదివారం మీరూ లైన్లో రండి. ముందు శ్రావణి, తర్వాత మీరు," అంది, పాదం తుడుచుకుంటూ.

ఇవాళ శుక్రవారం. బొబ్బిలి బస్సు ఆదివారం ఉదయం ఏడున్నరకి ఇక్కడ దిగుతుంది. ఆలోచించి ఆలోచించి నాకు బుర్ర పనిచెయ్యడం లేదు, అందుకని మిమ్మల్ని బతిమాలుతున్నాను. ఝాన్సీకి చెప్పాలా? చెబితే ఆవిడ తన్నడం మానేస్తుంది. అప్పుడు ఇంకో లక్ష్మణమ్మ ఏ ప్రశ్నా అడగకుండా తన్నేవాడి దగ్గరికి పోతుంది. చెప్పకపోతే ఇరవై రెండేళ్ళ తర్వాత ఆవిడకి దొరికిన పేరు ఒక తప్పు ఫోన్‌కాల్ మీద నిలబడుతుంది, చేసింది సైన్సు మాస్టారు. పోనీ, అత్తగార్ని శనివారమే పాతపట్నం బస్సెక్కించెయ్యనా? ఝాన్సీ కాల్లో ఏమీ లేకపోతే, మరి నేనెందుకు లేచాను? నేను లేచింది ఆరు వారాల వల్లే అయితే, ఇప్పుడెందుకు మళ్ళీ పట్టింది? ఎదురుకాళ్ళ మనిషే నడుం పట్టుకుని వస్తుంటే, ఇక ఈ జిల్లాలో మమ్మల్నెవరు తన్నుతారు?

తెలిసినవాళ్ళు దయచేసి ఆదివారం ఏడున్నరలోపు చెప్పండి. మీ ఇంట్లో ఎదురుకాళ్ళవాళ్ళు ఉంటే అదీ రాయండి, కానీ ముందు మీ అమ్మగారికి పిల్లలెందరో కనుక్కుని రాయండి. పెరుగు మానెయ్యమని మాత్రం ఎవరూ రాయకండి. అది మార్చిలోనే మానేశాను.